వెల్ల పూత – ఏడో భాగం: మూడు బకెట్ల నీళ్లు

పోయిన వారం మనం వెల్లమేస్త్రీని కంటి ఆస్పత్రి వరండాలో, చెప్పులు బల్ల కింద విడిచి, కాళ్లు పైకి ముడుచుకుని కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే వదిలేసి వచ్చాం. మనకేం, తిన్నాం, తిరిగాం, పడుకున్నాం. పాపం ఆ మనిషి అక్కడే ఉన్నాడు.

సంగతి మరిచినవాళ్లకి రెండు ముక్కల్లో చెబుతాను. ఓ పాత మేడకి వెల్ల వేయడానికి డ్రమ్ములో రాయిసున్నం ఉడకబెడుతుంటే అడుగున ఒక బెడ్డ టప్పున పేలింది. ఎగిరిన ముద్ద తిన్నగా వెళ్లి మేస్త్రీ బామ్మర్ది కుడికంట్లో పడింది. మర్నాడు డాక్టరమ్మ ఆ కాలిన కంటి మీద పల్చటి పొర ఒకటి కప్పి కుట్టింది. పది రోజులైనా ఉండాల్సిన పొర, మూడు రోజులకే కరిగి నీరైపోయింది. ఎందుకు కరిగిందో తేలాకే రెండోది వేస్తాను, ఇంట్లోవాళ్లు వచ్చి మాట్లాడండి అని ఆవిడ కబురంపింది. అక్కడ ఆగాం.

ఇంట్లోవాళ్లంటే ఊళ్లో ఉన్నది ఇద్దరే. మేస్త్రీ, మేస్త్రీ భార్య. ఆ కన్ను కాలినవాడు ఆమెకి తోడబుట్టిన తమ్ముడు. తల్లి పోయాక ఎత్తుకుని పెంచింది గనక, తమ్ముడనే పేరే గానీ సగం కొడుకు.

మేస్త్రీ కోతలరాయుడని మీకు మొదటి భాగంలోనే చెప్పాను. నోట్లో నువ్వుగింజ నానదు, నానినా అది కొబ్బరికాయంత అయ్యాకే బయటికొస్తుంది. తను వెల్ల వేసిన గోడ మీద కాకి వాలితే కొంగై ఎగిరిందని ఒకచోట చెబుతాడు. ఇంకోచోట ఆ కొంగకి పిల్లలు కూడా పుట్టాయంటాడు. ఎవరికీ నష్టం లేని అబద్ధాలు. నవ్వుకుని ఇంకో గ్లాసు టీ తాగించే అబద్ధాలు.

కానీ ఆస్పత్రి గుమ్మంలో ఆ నోరే అతని కొంప ముంచింది.

బామ్మర్దిని రెక్క పట్టుకుని లోపలికి తెచ్చిన రోజున, గుమ్మం దగ్గర నర్సు అడిగిన మొదటి మాట, "వెంటనే నీళ్లతో కడిగారా? ఎంతసేపు కడిగారు?"

ఆ అడగడంలోనే మేస్త్రీకి అర్థమైపోయింది, కడిగుండాలని. అయినా నోరు దాని పని అది చేసుకుపోయింది.

"కడిగాం. అరగంట."

నర్సు రాసుకుంది. పక్కన కుడికన్ను మూసుకుని, పళ్లు బిగబట్టుకుని నిలబడ్డ బామ్మర్దిని కూడా అడిగింది. వాడు "ఆఁ" అన్నాడు. నొప్పితో అన్నాడనుకున్నాడు మేస్త్రీ.

అంతటితో ఆగితే మనిషి ఎందుకవుతాడు? సాయంత్రం కుర్రడాక్టరు అడిగితే అరగంట కాస్తా ముప్పావుగంటైంది. మర్నాడు వరండాలో పక్క మంచాలవాళ్ల తాలూకు జనం చుట్టూ చేరి "అయ్యో పాపం" అంటుంటే గంటైంది. గంటకి మూడు బకెట్ల నీళ్లొచ్చాయి. మూడో రోజుకి ఆ మేడ యజమాని తోటకి పెట్టే గొట్టం కూడా వచ్చి చేరింది. "గొట్టం పెట్టి కొట్టానండీ ధార, ఏనుగుని కడిగినట్టు కడిగాను" అన్నాడు. ఒక ముసలాయన "మీలాంటి బుర్రున్న మనిషి పక్కన ఉండబట్టి కన్ను దక్కింది" అని చెయ్యి పట్టుకుని ఊపాడు. ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మేస్త్రీ దాన్ని తన మోకాలి కింద దాచుకున్నాడు.

నిజం ఏమిటంటే చుక్క నీరు పడలేదు.

సున్నం కంట్లో పడగానే బామ్మర్ది కేక వేశాడు. అన్నం క్యారేజీ తెచ్చిన అక్క, క్యారేజీ అక్కడే పడేసి, గోడవారనున్న నీళ్ల బకెట్ రెండు చేతులా ఎత్తుకుని పరుగున వచ్చింది. మేస్త్రీ అడ్డం నిలబడ్డాడు.

"నీళ్లొద్దే! సున్నం మీద నీళ్లు పడితే ఉడుకుతుందే! గుడ్డు ఉడికిపోతుంది!"

అని బకెట్ లాగి తోసేశాడు. నీళ్లన్నీ ఇసకలో ఇంకిపోయాయి. తర్వాత జేబులోంచి ఆముదం సీసా తీశాడు. సున్నంలో చేతులు పెట్టేవాళ్లు అరచేతులు పగలకుండా రాసుకునే ఆముదం అది. రెప్ప విప్పి, సీసాలో ఉన్నదంతా కంట్లో వంచేశాడు.

పొగరుతో చేశాడనుకోకండి. ముప్పై అయిదేళ్లు సున్నం ఉడకబెట్టిన మనిషి. నీళ్లు తగలగానే రాయి బుసలు కొట్టి, పొగలు కక్కి, పేలాల్లా చిట్లడం రోజూ చూసిన మనిషి. ఆ చూసిందే కొంప ముంచింది. ఏ బడిపంతులో, ఏ బట్టలకొట్టు గుమాస్తానో పక్కనుంటే, ఏమీ తెలియదు గనక, నీళ్లు పోసేవాడు. సున్నం సంగతి తెలిసినవాడు గనకే ఇతను పొయ్యలేదు.

పైగా ఈ వైద్యం ఇప్పటిది కాదు. ఇంటి కథలో దీనికో పెద్దపీట ఉంది. మేస్త్రీ ఇరవై ఏళ్లవాడై పనిలో చేరిన కొత్తలో, అతని గురువు, మనం రెండో భాగంలో చూసిన పెద్దమేస్త్రీ, సరిగ్గా ఇలాగే కంట్లో సున్నం పడి గిలగిల్లాడాడు. అందరూ కొయ్యబారి నిలబడితే ఇతనొక్కడే ఆముదం సీసాతో ముందుకి దూకాడు. పెద్దమేస్త్రీకి ఆ కన్ను పోయింది. పోతే పోయింది, ఆయన లోకమంతా చెప్పుకున్నాడు: "కన్నే పోయింది, వీడు నూనె పొయ్యకపోతే ప్రాణమే పోయేది." ఆ కృతజ్ఞత మీదే కూతురినిచ్చి పెళ్లి చేశాడు. "ఒక కన్ను పెట్టి అల్లుణ్ణి కొన్నాను, చవకే" అని ఈ ముప్పై ఏళ్లలో ఆయన అన్నప్పుడల్లా ఇల్లంతా నవ్వింది. మేస్త్రీ అందరికన్నా గట్టిగా నవ్వేవాడు.

ఇక గదిలోకి పోదాం.

డాక్టరమ్మ గది చిన్నది. గోడకి అక్షరాల అట్ట, బల్ల మీద విడదీసి మళ్లీ అమర్చే ప్లాస్టిక్ కంటిగుడ్డు, మూలన గడ్డం ఆనించి కూర్చోబెట్టే మిషను. గోడలకి వేసింది వెల్ల కాదు, ఏదో డబ్బా రంగు. కిటికీ పక్కన చెమ్మకి పొక్కి లేచింది. ఎంత దిగులులో ఉన్నా మేస్త్రీ కన్ను అక్కడికే పోయింది. లోపల చెమ్మ ఆరకుండా పూశారు వెధవలు, అనుకున్నాడు. ఆ మాట అనుకున్నాక దానివైపు మళ్లీ చూడలేకపోయాడు.

బామ్మర్ది మిషను పక్కన కుర్చీలో ఉన్నాడు. కుడికంటికి మూత. ఎడమ కన్ను ఎర్రగా, నీళ్లతో. బావని చూసి "వచ్చావా బావా, గొట్టం తెచ్చావా?" అన్నాడు.

భార్య "ఏం గొట్టంరా?" అంది. వాడు కంటి మూత సర్దుకున్నాడు.

డాక్టరమ్మ పక్కన ఇంకో ఆవిడ నిలబడి ఉంది. నడివయసు, చేతులకి రబ్బరు తొడుగులు. ఆస్పత్రిలో ఆమెని పొరలావిడ అంటారు. ఆమె ముందు ఒక చిన్న పొట్లం, కవరు లోపల కవరు, ఆ లోపల తెల్లటి కాగితం ముక్క. కాగితం మీద ఏమీ లేనట్టే ఉంది.

"ఏమీ లేదనుకోకండి," అంది పొరలావిడ. "వెలుతురులోకి వంచితే కనిపిస్తుంది. ఉల్లిపొరకన్నా పల్చన."

"ఏమిటమ్మా అది?" అని మేస్త్రీ భార్య అడిగింది. మొదటిసారి వేసినప్పుడు ఆమెని ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు.

"తల్లి కడుపులో బిడ్డని చుట్టి ఉమ్మనీటి సంచి ఉంటుంది కదా, దాని లోపలి పొర. కాన్పు అయ్యాక మాయతో పాటు పారేసేదే. ఆపరేషనుతో పురుడుపోసుకునే తల్లులని ముందే అడుగుతాం. ఇస్తానంటే తీసుకుంటాం, శుభ్రం చేసి, ఇలా కాగితానికి అంటించి, గడ్డకట్టించి దాస్తాం. వెంటనే వాడం. ఆర్నెల్లాగి ఆ తల్లికి మళ్లీ రక్తపరీక్ష చేస్తాం. ఏ జబ్బూ లేదని తేలాకే బయటికి తీస్తాం."

"కంటికెలా పనికొస్తుంది?"

ఈసారి డాక్టరమ్మ చెప్పింది. "కాలిన చోట కొత్త చర్మం పాకడానికి నేల కావాలి. ఈ పొర ఆ నేల. వాపు తగ్గిస్తుంది, మచ్చ కట్టకుండా చూస్తుంది. ఎవరిదైనా ఎవరి కంటికైనా సరిపోతుంది, ఒళ్లు దీన్ని వెళ్లగొట్టదు. కింద చర్మం పాకిన తర్వాత తనే మెల్లగా పోతుంది."

"బిడ్డ కప్పుకున్న దుప్పటన్నమాట," అంది మేస్త్రీ భార్య. కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఏ తల్లో, చల్లగా ఉండాలి."

"మొదటి ముక్క ఇచ్చినావిడకి కవలలు," అంది పొరలావిడ. "పేరు చెప్పకూడదు. పోయిన వారం రక్తపరీక్షకి ఇద్దర్నీ చంకల్లో వేసుకుని, రెండు బండ్లు మారి వచ్చింది. నా పొర ఎవరికైనా పనికొచ్చిందా అని అడిగింది. ఇంకా లేదన్నాను. ఆ మర్నాడే మీ తమ్ముడికి వేశాం."

మేస్త్రీ తల దించుకున్నాడు. నేల మీద పలకలున్నాయి, నాలుగు పలకలకి ఒక చుక్క. ఆ చుక్కలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

డాక్టరమ్మ కాగితాలు ముందుకి లాక్కుంది. "మేస్త్రీ గారూ, నేను తగువుకి పిలవలేదు. ఆ పొర అంత తొందరగా కరగకూడదు. లోపల ఇంకా ఏదో మంట పెడుతోంది. ఇదిగో, సున్నం లాంటిది ఉంటే ఈ కాగితం నీలమవుతుంది. ఇవాళ పొద్దున తీసింది." చిన్న కాగితం పేలిక చూపించింది. నీలంగా ఉంది. "ఇక్కడ మేమూ కడిగాం. ఆ పూట మామూలుగానే చూపించింది. అయిదు రోజుల తర్వాత మళ్లీ నీలమెందుకు? అందుకే మొదటి కాగితం తీసి చదివాను. ఇందులో అరగంట నీళ్లతో కడిగారని ఉంది. ఈ కాగితంలో ముప్పావుగంట. పక్క మంచం పెద్దాయన నిన్న నాతో మూడు బకెట్లన్నారు. ఏది నిజం?"

మేస్త్రీ భార్య చటుక్కున తలెత్తింది. "నీళ్లా?" అంది.

ఒక్కటే మాట. అని మొగుడి వైపు చూసింది. చూసి, ఇంకేదో అనబోయి, పెదవులు బిగించి తల దించేసుకుంది. ఆమె అలా నోరు మూసుకోవడం మేస్త్రీ ముప్పై ఏళ్లలో చూడలేదు. తిట్టుంటే బతికిపోయేవాడు. అక్కడికక్కడ బకెట్ తీసి నెత్తిన బోర్లించినా బతికిపోయేవాడు. ఆమె అతని పరువు కాపాడుతోంది, తమ్ముడి కన్ను పక్కనపెట్టి.

డాక్టరమ్మ ఆ చూపు కనిపెట్టింది గానీ ఆమెని అడగలేదు. అతన్నే చూస్తూ, "ఈ కొలతలో ముక్క ప్రస్తుతం మా ఫ్రిజ్‌లో ఇదొక్కటే," అంది. "ఇంకోటి పరీక్షలయి చేతికి రావాలంటే మూడు వారాలు. ఆ నల్లగుడ్డు మూడు వారాలు ఆగదు, చిల్లు పడుతుంది. లోపలేముందో తెలియకుండా వేస్తే ఇదీ కరుగుతుంది. అందుకే అడుగుతున్నాను. ఎంతసేపు కడిగారు?"

"అరగంట... అంటే అరగంట కాదులెండి. పావుగంట."

"పావుగంట."

"గడియారం లేదు కదమ్మా అక్కడ. పది నిమిషాలు."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. సంతలో బేరం చూస్తున్నట్టు చూస్తూ ఊరుకుంది. ధర అతనే దించుకుంటున్నాడు.

"అయిదు..." అన్నాడు. కిటికీ పక్కన పొక్కిన గోడ మళ్లీ కనబడింది. అతని పనిలో బిడ్డకి ఉగ్గుతో పట్టించే నీతి ఒకటుంది: ఉడకని బెడ్డ లోపలుంటే పైన ఎన్ని పూతలు వేసినా నిలవవు. ఇవాళ కాకపోతే రేపు ఆ బెడ్డ ఉబ్బి, పైపూత మొత్తాన్ని ఎత్తి పారేస్తుంది. పనివాళ్లెవరైనా అలా పూస్తే అతను చెంప పగలగొట్టేవాడు.

"చుక్క పొయ్యలేదమ్మా," అన్నాడు.

డాక్టరమ్మ మళ్లీ కలం తీసుకుంది.

"మా ఆవిడ బకెట్ తెచ్చింది. నేను తోసేశాను. సున్నం నీళ్లకి ఉడుకుతుందని. ఆముదం పోశాను. సీసా మొత్తం. ఇక్కడికొచ్చాక నర్సమ్మ అడిగితే కడిగానన్నాను. ఆ తర్వాత... నోరండీ. నా నోరు అంతే."

తలెత్తకుండానే చెప్పాడు. ఒంటి మీద బట్టలున్నాయో లేవో తడిమి చూసుకోవాలనిపించింది.

డాక్టరమ్మ అరవలేదు. "చుక్క పోస్తే ఉడుకుతుంది, నిజమే. కడవలు పోస్తే కొట్టుకుపోతుంది. మీ పనిలో చుక్కలు చూశారు, అంతే తేడా," అంది. తర్వాత కొంచెం ముందుకి వంగింది. "ఇప్పుడు నాకన్నా మీకే బాగా తెలిసిన సంగతి ఒకటి చెప్పండి. సున్నంలో ఆముదం కలిస్తే ఏమవుతుంది?"

మేస్త్రీ తలెత్తాడు. జవాబు ఇరవై ఏళ్ల వయసు నుంచీ తెలుసు. నీళ్లతొట్టి పగుళ్లిస్తే ఏం పెడతాం? సున్నంలో నూనె పోసి నూరి, ముద్ద చేసి, పగులులోకి కూరతాం.

"ముద్దవుతుంది," అన్నాడు. "తొట్లకి పెట్టే ముద్ద. బంకలా పట్టుకుంటుంది. ఎండాక రాయి."

"నీళ్లు పోస్తే?"

"పైనుంచి జారిపోతాయి. అందుకేగా తొట్లకి పెట్టేది." అక్కడికి మాట సన్నబడిపోయింది. "మీరు కడిగిన నీళ్లు కూడా దాని మీంచే జారిపోయుంటాయి."

"ఎక్కడ పట్టుకుంటుంది?"

"మూలల్లో. వేలు దూరని మూలల్లోకి పోతుంది."

డాక్టరమ్మ లేచింది. "నేను ఆ రోజు రెప్ప ఒక మడత తిప్పి చూశాను. వాపు బాగా ఉంది, అరగంట కడిగారన్నారు, సరేలే అనుకున్నాను. అనుకోకుండా ఉండాల్సింది. రెండో మడత తిప్పుతాను." బామ్మర్ది వైపు తిరిగింది. "చుక్కలు వేస్తాను, నొప్పి ఉండదు. కానీ కదలకూడదు."

"కదలనమ్మా. బావ గంట సేపు గొట్టంతో కడిగితేనే కదల్లేదు నేను," అన్నాడు వాడు.

పొరలావిడకి నవ్వాగలేదు, మొహం పక్కకి తిప్పుకుంది. మేస్త్రీ మాత్రం ఆ మాటకి ఇంకో అంగుళం భూమిలోకి దిగాడు.

వాళ్లని తలుపవతలికి పంపలేదు. రెప్పని సన్నటి కడ్డీకి చుట్టి, తిప్పి, మళ్లీ తిప్పింది డాక్టరమ్మ. మిషను దీపం వెలుగులో చాలాసేపు వెతికింది. తర్వాత చిమటా కొసతో ఏదో పట్టి, మెల్లగా, జిగురులోంచి వెంట్రుక లాగినట్టు లాగింది. గాజుపలక మీద పెట్టింది. మరో రెండుసార్లు అలాగే.

బియ్యపునూక అంత ఒకటి, ఇంకా చిన్నవి రెండు. పసుపుపచ్చగా, మెరుస్తూ.

"చూడండి మేస్త్రీ గారూ. ఇదేనా?"

మేస్త్రీ గాజుపలక అందుకున్నాడు. తాకక్కర్లేదు. తన చేత్తో చేసిన ముద్ద తనకి తెలియదా. తొట్టి పగులుకి ఇంత నాణ్యంగా ఎన్నడూ కుదరలేదు. మనిషి కంట్లో కుదిరింది.

"ఇదే," అన్నాడు.

ఆ తర్వాత కన్ను కడిగారు. సీసాలకి సీసాలు, ధార కట్టి. మూడు బకెట్లు కాకపోయినా రెండు ఉంటాయి. నిజంగానే గంట పట్టింది. మేస్త్రీ అంతసేపూ నిలబడే ఉన్నాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. మళ్లీ పరీక్ష కాగితం పెడితే నీలం కాలేదు. పావుగంటాగి పెట్టినా కాలేదు. అప్పుడు డాక్టరమ్మ పొరలావిడకి తలూపింది. బామ్మర్దిని ఆపరేషను గదిలోకి తీసుకెళ్లారు. కాగితం మీంచి ఆ కనిపించని పొరని ఒలిచి, కాలిన కంటి మీద పరిచి, వెంట్రుకకన్నా సన్నటి దారంతో కుట్టారు. మధ్యాహ్నం భోజనాల వేళకి కట్టు కట్టి మంచం మీదికి చేర్చారు.

"నిలుస్తుందామ్మా?" అని మేస్త్రీ భార్య అడిగింది.

"ఇప్పుడు నిలవడానికి దారుంది. పొద్దుటిదాకా అదీ లేదు. పది రోజులు చూడాలి," అంది డాక్టరమ్మ. వెళ్తూ మేస్త్రీ దగ్గర ఆగింది. "చెప్పారు కాబట్టి దొరికింది." మెచ్చుకోలేదు, తిట్టలేదు. ఆ రెంటిలో ఏదో ఒకటి దొరికుంటే అతను దాన్ని పట్టుకుని నిలబడేవాడు.

మంచం పక్కన ఇద్దరూ చెరో వైపు కూర్చున్నారు. మేస్త్రీ కట్టు వైపు చూడలేక దుప్పటి అంచు సర్దాడు. సర్దిందే సర్దాడు.

"ఒరేయ్," అన్నాడు చివరికి. "ఆ రోజు నర్సు అడిగితే నువ్వెందుకు అవునన్నావు?"

బామ్మర్ది ఎడమ కన్ను తెరవకుండానే, "ఒక కన్ను మండిపోతోంది, రెండోదాంతో నీ మొహం చూశా బావా. బాగాలేదు. అవునన్నా," అన్నాడు. తల ఇటు తిప్పి, "అయినా ఏనుగుని కడిగినట్టేంటి బావా? మరీ ఏనుగా? నన్ను చూస్తే కనీసం దూడ అనొచ్చుగా," అన్నాడు.

మేస్త్రీ నవ్వబోయాడు. ఆ నవ్వు మధ్యలో అడ్డం తిరిగింది. భుజాలు కదిలాయి. దుప్పటి అంచు మొహానికి పెట్టుకుని అలాగే వంగిపోయాడు. వాడు చెయ్యి చాచి, తడుముకుని, బావ మోకాలు దొరికించుకుని రెండు సార్లు తట్టాడు.

మేస్త్రీ భార్య ఇదంతా చూస్తోంది గానీ ఇక్కడ లేదు. నిజం చెప్పిన దగ్గర్నుంచి ఆమె తనని ఒక్క మాటా అనలేదని మేస్త్రీకి అప్పుడు తట్టింది. ఆమె కిటికీ వైపు చూస్తోంది. వేళ్లు ఒకదాన్నొకటి తిప్పుకుంటున్నాయి.

"ఏమే," అన్నాడు. "నాలుగు తిట్టు. ఊరుకోకు."

"తిట్టడానికి కాదు," అంది. గొంతు మామూలుగానే ఉంది. "డాక్టరమ్మ అంది కదా, కడవలు పోస్తే కొట్టుకుపోతుందని. అంటే కన్ను దక్కేదనేగా."

"ఆఁ."

"ఆ రోజు మా నాన్న పక్కన బావి ఉంది."

మేస్త్రీకి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలోని దుప్పటి అంచు వదిలేశాడు.

"మూడడుగుల్లో బావి," అంది ఆమె. "చేద కూడా గట్టు మీదే ఉంది. నాకు పదిహేనేళ్లు. నేను అక్కడే ఉన్నాను. నేను చేద పట్టుకున్నాను. కొత్తగా పనిలో చేరిన కుర్రాడొకడు వద్దు వద్దని అడ్డం వచ్చాడు. ఎంత తెలివైనవాడో అనుకున్నాను. ఆ తెలివికే కదా పెళ్లి చేసుకున్నాను."

మంచం మీద బామ్మర్ది చెయ్యి మోకాలి మీంచి మెల్లగా వెనక్కి పోయింది. వాడికీ ఇప్పుడే తట్టింది.

ముప్పై ఏళ్ల నవ్వులు, ఒక్కొక్కటే, పొక్కిన పూత రాలినట్టు కళ్ల ముందు రాలుతున్నాయి. ఒక కన్ను పెట్టి అల్లుణ్ణి కొన్నాను. చవకే. అందరికన్నా గట్టిగా నవ్వింది ఎవరు?

సరిగ్గా అప్పుడే వరండాలో చేతికర్ర చప్పుడైంది. టక్, టక్. గోడ తడుముకుంటూ, ఎవరినో "కంటి మంచాలెటండీ" అని అడుగుతూ, ఒక గొంతు దగ్గరికొచ్చింది. ఆ గొంతు ముగ్గురికీ తెలుసు. ఎవరూ లేచి ఎదురెళ్లలేదు.

పెద్దమేస్త్రీ గుమ్మంలోకి వచ్చాడు. ఎనభై దాటిన మనిషి, వెల్లగోడలా తెల్లటి జుట్టు, పాలగాజులా తెల్లటి కుడికన్ను. చంకలో సంచి. మంచి కన్ను చిట్లించి గదంతా చూసి, అల్లుణ్ణి పోల్చుకుని మొహం ఇంత చేసుకున్నాడు.

"ఇక్కడే ఉన్నావా! నువ్వు ఉన్నావనే నాకు ధైర్యం. కబురు తెలిసి ఆగలేక వచ్చేశాను. ఈ డాక్టర్లు పొరలంటారు, దారాలంటారు. వాళ్లకేం తెలుసు సున్నం సంగతి?" అని సంచిలో చెయ్యి పెట్టి, గుడ్డలో చుట్టిన సీసా తీశాడు. "ఇదిగో, గానుగ దగ్గర నిలబడి ఆడించిన ఆముదం. ఆ రోజు నాకు పోసినట్టే వాడికీ పొయ్యి అల్లుడూ. నీ చెయ్యి మంచిది."

సీసా గాలిలో అలాగే ఉంది. మేస్త్రీ చెయ్యి లేవలేదు.

ఆయన కూతురు లేచింది. తండ్రి చేతిలోంచి సీసా తీసుకుని, మూత బిగించి, కిటికీలో పెట్టింది. తను కూర్చున్న కుర్చీ లాగి, మొగుడికి ఎదురుగా, మోకాళ్లకి మోకాళ్లు తగిలేంత దగ్గరగా వేసింది. తండ్రి భుజం పట్టి కూర్చోబెట్టింది.

"కూర్చో నాన్నా," అంది. "ఈయన నీకో మాట చెబుతాడు."

"ఏంటల్లుడూ?" అన్నాడు పెద్దమేస్త్రీ నవ్వుతూ. మాట బాగా వినబడాలని తల పక్కకి తిప్పి, చెవి ముందుకి పెట్టాడు. అలా తిప్పేసరికి ఆ తెల్లటి కన్ను, రెప్ప వాల్చకుండా, తిన్నగా మేస్త్రీ మొహం మీదికి వచ్చి ఆగింది.

"చెప్పు. వింటున్నా."